మసిగోడ ఖాతా

సరుకు మారిందని నాకు మొదట చెప్పింది
పేపరు కాదు, మాల్యాద్రి లారీ.
లాక్‌డౌన్ సడలించిన వారానికి
చీమకుర్తి క్వారీలో రాయి ఎక్కించుకొని వచ్చి
నా షెడ్డు ముందు ఆగింది,
పంపు కింద చెమట పట్టి.

"నిన్నటిదాకా బానే ఉంది మేస్త్రీ,
తెల్లారేసరికి కారతా ఉంది" అన్నాడు
మూతికి తువాలు కట్టుకొని
మూడు గజాల అవతల నిలబడి.

విప్పాను.
లోపలి రబ్బరు రింగులు
పాత చింతబద్దల్లాగా ముడుచుకొని ఉన్నాయి.
పదహారేళ్లు గంధకం తాగి ఉబ్బినవి,
అది అందకపోయేసరికి
పట్టు వదిలేశాయి.

మా గురువు హజరత్తయ్య
డీజిలు చుక్క నాలిక మీద వేసుకొని చెప్పేవాడు:
ఇందులో కిరసనాయిలు పడింది,
ఇది సింగరాయకొండ బంకుది, అడుగున నీళ్లున్నాయి.
తుపుక్కున ఉమ్మి, టీ తాగేవాడు.
ఆయన కాలంలో నూటికొక పాలు గంధకం.
ఇప్పుడు లక్షకొక పాలంట,
ఒంగోలు నుంచి వచ్చిన ఆయిలు కంపెనీ కుర్రాడు
వేళ్లు మడిచి సున్నాలు లెక్కపెట్టాడు.

నేనూ వేసుకొని చూశాను నాలిక మీద.
ఏమీ లేదు.
వాసనా లేదు.
గుండె జారింది;
ఆ రోజుల్లో వాసన తెలియకపోవడమంటే
వేరే సంగతి గదా.
ఇంట్లోకి పరిగెత్తి ఇంగువ డబ్బా మూత తీశాను.
ఇంగువ ఇంగువలాగే ఉంది.
మా రవణమ్మ గరిటె పట్టుకొని
నన్ను పైనించి కిందకి చూసింది.

రిమ్స్‌లో డాక్టరు
హజరత్తయ్య ఛాతీ ఫోటో వెలుతురుకు పెట్టి
"రోజుకి ఎన్ని బీడీలు?" అనడిగాడు.
"ఒక్కటీ ఎరగను సార్."
"మరి?"
ఆయన నా వైపు తిరిగి నవ్వబోయాడు,
దగ్గు అడ్డం వచ్చింది.
ఆ సంవత్సరం దాటలేదు.

కొత్త రింగులు వేరే రబ్బరు,
గోధుమ రంగు, నాలుగింతల ధర.
మాల్యాద్రికి పద్దెనిమిది వందలైంది.
ఆరు వందలు చేతిలో పెట్టి
"మిగతాది గోడకి రాయి" అన్నాడు.

మా బెంచి ఎదురుగోడే నా ఖాతా పుస్తకం.
పరీక్షకి పెట్టిన ప్రతి ఇంజనూ
దాని మొహాన ఊదాల్సిందే.
మందంగా పట్టిన మసి మీద
స్క్రూడ్రైవరు మొనతో పేరూ అంకే గీస్తాను.
నెల తిరిగేసరికి కొత్త మసి కమ్మేసేది.
నాకు గుర్తుండేది కాదు,
వాళ్లు గుర్తు చేసేవాళ్లు కాదు.
అందరం మంచివాళ్లమే.

పాత బండ్లకి పొగ ఆగలేదు,
సన్నబడింది.
కొత్త బండ్లకయితే గొట్టంలో వేలు పెట్టి తిప్పినా
గోరు నలుపెక్కదు.
వాటిని ఏసుపాదం చూసుకుంటాడు,
వాడి చేతిలో పానా ఉండదు, ఫోనుంటుంది.
లారీకి యూరియా నీళ్లు పోస్తారని చెబితే
వాళ్ల నాయన నమ్మలేదంట:
"నా మిరప చేనుకే కట్ట దొరక్క
సొసైటీ గేటు కాడ రెండు రోజులు నిలబడితి గదరా!"

క్వారీ దుమ్ము మాత్రం తగ్గలేదు.
పొద్దున బెంచి తుడిస్తే
మధ్యాన్నానికి బూడిద పరిచినట్టే.
గెలాక్సీ రాయి నలుపు,
దాని పొడి ఎందుకు తెల్లగా ఉంటుందో
నాకిప్పటికీ తెలియదు.

మొన్న ఆయిలు మార్పించడానికి
మాల్యాద్రి మళ్లీ వచ్చాడు.
ఏడు నెలలైంది.
గోడ మీద వాడి పేరు,
పక్కన పన్నెండు వందలు,
నిన్న గీసినంత స్పష్టంగా,
ఆఖరి సున్నా తోకతో సహా.
నేను చూశాను. వాడూ చూశాడు.

కాసేపు టైర్లు తట్టాడు.
ఇంజను చుట్టూ ఒకసారి తిరిగాడు.

"మేస్త్రీ,
ఈ గోడకి సున్నం వేయించరాదా?" అన్నాడు.